ఆఫ్రికా నత్త గుల్ల ఒక ఊళ్లో మందం, పక్క ఊళ్లో పలచన: ఇది వంశపారంపర్యమా?

కోనసీమ కొబ్బరితోటల్లో కనబడే ఈ తేడా చూడగానే జన్యువులది అనేయకండి. గోడ సున్నం గీరి తినే నత్తకి గుల్ల ఎలాగూ గట్టిపడుతుంది. పైగా 1847లో మారిషస్ నుంచి కలకత్తాకి తెచ్చిన కొద్దిపాటి నత్తలతో మన దేశంలో ఈ జాతి మొదలైంది. ఆఫ్రికా బయట వీటిలో జన్యు వైవిధ్యం చాలా తక్కువ.

తేల్చాలంటే రెండు ఊళ్ల గుడ్లనీ ఒకేచోట పొదిగించాలి. చిన్న బఠాణీలంత, లేతపసుపు రంగులో మట్టిలో గుంపుగా ఉంటాయి. ఒక్క గుంపు చాలదు, అవన్నీ ఒకే తల్లివి; ఊరికి కనీసం పది గుంపులు కావాలి. ఒకే మట్టి, ఒకే బొప్పాయి ఆకు, ఒకే కొలత కోడిగుడ్డు పెంకు పొడి. డబ్బాకి ఐదేసి పిల్లలే. కిక్కిరిస్తే ఎదుగుదల ఆగిపోయి లెక్క తప్పుతుంది. వారానికోసారి వెర్నియర్‌తో (మిల్లీమీటరులో పదో వంతు దాకా కొలిచే పరికరం) గుల్ల పొడవు, అంచు మందం కొలవండి. ఎండకి మూతికి తెల్లపొర కట్టుకుని నిద్రపోయినప్పుడు ఎంత బరువు తగ్గిందో కూడా రాసుకోండి, శరీరధర్మంలో తేడా అక్కడే బయటపడుతుంది.

పెద్ద గుడ్డులోంచి వచ్చిన పిల్ల మొదట్లో ముందుంటుంది. అది తల్లి ఇచ్చిన పోషణ. అందుకే రెండో తరంలోనూ తేడా నిలిస్తేనే వంశపారంపర్యం అనాలి.

మూత బిగించండి, తొడుగుల్లేకుండా ముట్టుకోవద్దు: మెదడుపొర వాపు తెచ్చే ఎలుకల ఊపిరితిత్తుల పురుగు వీటిలో ఉండొచ్చు.