నీడ లేని బొమ్మకు పావు ధర

చిరంజీవికి ఆశీస్సులు.

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో ఊరూరా తిరిగి పిల్లల బొమ్మలు గీసిన చిత్రకారుల మీద నువ్వు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. వాళ్లంటే నీకు ఎంతో ప్రేమ. అయితే ఆ ప్రేమలో జాలి పాలు ఎక్కువైంది. పాపం, నేర్పే గురువు లేడు, చేతులు సరిగా గీయడం రాదు, అయినా ఎంత ముచ్చటగా గీశారో చూడండి అన్న ధోరణిలోనే వ్యాసమంతా నడిచింది. ఆ ధోరణి మార్చుకోమని చెప్పడానికే ఈ ఉత్తరం. వాళ్లు బొమ్మలు గీసి బతికినవాళ్లు. పని చేసేవాళ్ల గురించి రాసినట్టే రాయి.

విలియం మాథ్యూ ప్రయర్‌నే తీసుకో. 1831లో మెయిన్ రాష్ట్రంలోని ఒక పత్రికలో ఆయన ప్రకటన వేయించాడు. వెలుగునీడలు లేని చదును బొమ్మ చాలనుకునేవారికి పావు ధరకే పోలిక దించి ఇస్తానని దాని సారాంశం. ముఖానికి గుండ్రదనం తేవడం, గడ్డం కింద నీడ దిద్దడం ఆయనకు తెలుసు. అలా గీసిన చిత్రాలూ ఉన్నాయి. వాటికి ఎక్కువ సమయం పడుతుంది, ఎక్కువ డబ్బు అవుతుంది. ‘నేర్పు చాలక’ అని నువ్వు రాసిన చోట నిజానికి ఒక బేరం జరిగింది. ఆ ఇంటివాళ్లు ఎంత ఇవ్వగలరు, ఆయన ఎంతసేపు కూర్చోగలడు అన్న లెక్క అది. అందరూ ప్రయర్ లాంటివాళ్లు కారు. వేళ్లు కుదరని బొమ్మలు చాలా ఉన్నాయి. వాటిని దాచమనడం లేదు, ఆ ఒక్క కారణాన్నే అన్నింటికీ అంటించవద్దంటున్నాను.

జాషువా జాన్సన్ గురించి రెండే వాక్యాలు రాశావు, అన్యాయం. తల్లి బానిస, తండ్రి తెల్లవాడు. 1782లో బానిసత్వం నుంచి విడుదలైన మనిషి, 1798లో బాల్టిమోర్ పత్రికలో తనకు తాను ‘స్వయంగా నేర్చుకున్న ప్రతిభావంతుడు’ అని ప్రకటించుకున్నాడు. దాటరాని అడ్డంకులు ఎన్నో ఎదురయ్యాయని కూడా అందులోనే చెప్పుకున్నాడు. గురువు లేకపోవడం ఆయనకు దాచుకోవలసిన లోటు కాదు, పదిమందిలో చాటుకోదగ్గ గొప్ప. నువ్వెందుకు దాన్ని లోటుగా చూస్తావు?

ఇక అమ్మీ ఫిలిప్స్ గీసిన ఎర్ర గౌను పాప. న్యూయార్క్‌లోని అమెరికన్ ఫోక్ ఆర్ట్ మ్యూజియంలో ఉన్న ఆ చిత్రాన్ని ‘అమాయక సౌందర్యం’ అని తేల్చేశావు. మళ్లీ చూడు. ముదురు రంగు నేపథ్యం మీద దాదాపు మడతలే లేని ఎరుపు. చేతుల్లో తెల్ల పిల్లి, మెడలో పగడాల దండ, గౌను అంచు దగ్గర నేల మీద కుక్క. పగడం పిల్లలకు జబ్బు రాకుండా కాపాడుతుందని అప్పటి నమ్మకం. అలాంటి ఎర్ర గౌనే ఆయన గీసిన మరికొందరు పిల్లల మీదా కనిపిస్తుంది, వాళ్లలో మగపిల్లవాడూ ఉన్నాడు. ఆ రోజుల్లో చిన్న మగపిల్లలకూ గౌన్లే తొడిగేవారు. ఆడో మగో పోల్చుకోవాలంటే పాపిడి పక్కన తీశారా మధ్యన తీశారా, చేతిలో ఏముంది అన్నవి చూడాలి. ఇంకో సంగతి. ఫిలిప్స్ శైలి ఏళ్లు గడిచేకొద్దీ ఎంత మారిందంటే, పేరు తెలియని ఇద్దరు వేర్వేరు చిత్రకారుల పని అని చాలాకాలం అనుకున్నారు. ఇద్దరూ ఒకరేనని బార్బరా, లారెన్స్ హోల్డ్రిడ్జ్ దంపతులు నిరూపించారు. అంతగా తన పద్ధతిని మార్చుకుంటూ పోయిన మనిషిని అమాయకుడు అనగలమా?

మరణం గురించి రాసిన భాగంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. 1807లో జాన్ బ్రూస్టర్ గీసిన పాప ఒక కాలి చెప్పు చేత్తో పట్టుకుని ఉంటుంది. అలాంటి గుర్తు కనిపించగానే బిడ్డ చనిపోయిందని నువ్వు రాసేస్తున్నావు. ఆధారం ఉంటేనే రాయి. ఆధారం ఉన్న చోటు చెబుతాను. జోసెఫ్ వైటింగ్ స్టాక్ మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌వాడు. పదకొండేళ్ల వయసులో ఎద్దుబండి మీదపడి నడుము కింద చచ్చుబడింది. చక్రాల కుర్చీలో తిరుగుతూ బొమ్మలు గీశాడు. 1832 నుంచి 1846 దాకా రాసుకున్న దినచర్యలో తొమ్మిది వందలకు పైగా చిత్రాల లెక్క ఉంది. వాటిలో కొన్ని చనిపోయిన పిల్లలను చూసి గీసినవి. పొద్దున పోయిన బిడ్డ ముఖాన్ని బతికున్నట్టు, కళ్లు తెరిచి ఉన్నట్టు గీసి ఆ తల్లిదండ్రులకు అందించాలి. ఆ పని చేసిన మనిషి చెయ్యిని తలచుకుంటే నాకు గొంతు పట్టుకుంటుంది. ఇక్కడ విశేషణాలన్నీ తీసేసి, ఆయన లెక్క రాసుకున్న సంగతి ఒక్కటే చెప్పు. చాలు.

చలికాలమంతా తలలేని దేహాలు గీసి పెట్టుకుని, వేసవిలో ముఖాలు అతికించేవారన్న కథను తీసెయ్యి. వినడానికి బాగుంటుంది, అందుకే అందరూ రాస్తారు. దానికి ఆధారాలు లేవు.

ఫోటో రాగానే ఈ కళ అంతరించిందని ముగించావు. 1839 తర్వాత పని తగ్గిన మాట నిజమే. కానీ స్టాకే ఒక ఫోటోగ్రాఫర్‌తో కలిసి స్టూడియో నడిపాడు. ఫిలిప్స్ ఆ తర్వాతా గీస్తూనే ఉన్నాడు. ఆ పేరా మళ్లీ రాసి, ప్రయర్ ప్రకటనను ముందుకు తెచ్చి, కొత్త ప్రతి పంపు. ఎదురుచూస్తుంటాను.