ఒళ్లు బిగబట్టి నడవడం కూడా చదువేనా?

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి రాసిన ప్రశ్న: మా అబ్బాయి బరంపురంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాడు. వేసవిలో పది రోజుల నటన శిబిరానికి వెళ్లి వచ్చినప్పటి నుంచి మేడ మీద ఒళ్లు బిగబట్టి నడుస్తాడు, ఉన్నట్టుండి చాప మీద కుప్పకూలుతాడు. ఒక్క డైలాగూ చదవడు. నటనకు ఇదే పునాది అంటున్నాడు. ఇతన్ని ఈ దారిలో పంపవచ్చా?

జవాబు: పునాది అన్నంత వరకు మీ అబ్బాయి మాట నిజం. ఇల్లు పూర్తయిందని మాత్రం ఇప్పుడే అనుకోనివ్వకండి.

కండరాల బిగువు నటుడి ఆలోచనను ఎలా అడ్డుకుంటుందో రష్యన్ దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ ఒక పాఠంలో చక్కగా చూపించారు. అందులో గురువు ఒక విద్యార్థి చేత పియానో మూల ఎత్తించి, దించకుండానే 37ను 9తో గుణించమంటాడు. నమ్మకం కలగకపోతే మీరు బియ్యం బస్తా ఎత్తి ప్రయత్నించండి, 333 అని నోటికి వచ్చేలోగా బస్తా కిందికి దిగుతుంది. వేదిక మీద భయంతో భుజాలు, దవడ బిగుసుకున్న కుర్రవాడు కూడా కనిపించని బస్తా మోస్తున్నట్టే లెక్క. అతనికి సంభాషణ గుర్తుంటుంది కానీ అందులోని భావం అందదు.

1956లో పారిస్‌లో నటన పాఠశాల స్థాపించిన జాక్ లెకాక్ ఈ బిగువును ఏడు స్థాయిలుగా నేర్పారు. మొదటి స్థాయిలో ఒంట్లో ఎముకలే లేనట్టు ఉంటుంది, మూడోదానిలో పనికి సరిపడా శక్తి మాత్రమే ఖర్చవుతుంది, అయిదోదానిలో ఏదో ముంచుకొస్తోందన్న ఉత్కంఠ ఉంటుంది, ఏడోదానిలో మనిషి రాయిలా బిగుసుకుపోతాడు. "బస్సు వెళ్లిపోయింది" అన్న మాటనే తీసుకోండి. ఒళ్లు వదిలేసిన మనిషి అంటే రేపు వెళ్దాంలే అని వినిపిస్తుంది. అదే మాట అయిదో స్థాయిలో వస్తే ఆసుపత్రిలో ఎవరో ఎదురుచూస్తున్నారని ప్రేక్షకుడికి చెప్పకుండానే తెలుస్తుంది. మీ అబ్బాయి మేడ మీద వెతుక్కుంటున్నది ఈ తేడానే అయి ఉండాలి.

ఇందుకోసం పారిస్ దాకా చూడనవసరం లేదు. గంజాం ప్రాంతపు ప్రహ్లాద నాటకాన్ని, సరిహద్దు దాటగానే శ్రీకాకుళం వైపు కనిపించే తప్పెటగుళ్లను అతను శ్రద్ధగా గమనించాలి. రొమ్ము మీద తప్పెట వాయిస్తూ, గెంతుతూ, ఊపిరి తప్పకుండా పాడే ఆ కళాకారుడికి ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో ఒంటికే తెలుసు. తెలుగు, ఒడియా రెండు భాషల ఊళ్లో పుట్టినవాడికి ఇది చేతికందిన ఆస్తి అని నా అభిప్రాయం.

అయితే ఒక జాగ్రత్త అవసరం. మోకాలో నడుమో నొప్పి పెడితే వెంటనే ఆపించండి. నొప్పిని ఓర్చుకోవడమే శిక్షణ అనే గురువు దగ్గర ఉండనివ్వకండి. పది రోజుల సర్టిఫికెట్‌తో సినిమా అవకాశం ఇప్పిస్తామనే చోట రూపాయి కూడా కట్టవద్దు.

చదువు విషయానికి వస్తే, ముందు డిగ్రీ పూర్తి కావాలి. 1959లో ఏర్పడిన ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల డిప్లొమాకు డిగ్రీతో పాటు రంగస్థల అనుభవం కూడా అడుగుతారు. మీకు దగ్గరలో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, ఇంకాస్త దూరంగా హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగాలున్నాయి. నెల జీతం ఖాయంగా వచ్చే రంగం కాదిది. నాటకాలు, పిల్లల శిబిరాలు, బోధన కలిపితేనే చాలామందికి జీవనం నడుస్తుంది. ఆ అనిశ్చితిని అతను ఎంతకాలం భరించగలడో ఇప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

డిగ్రీ తర్వాత ఒక సంవత్సరం గడువు ఇవ్వండి. ఆ ఏడాదిలో తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి పూర్తి నాటకంలో పాత్ర చేయాలని షరతు పెట్టండి. ఢిల్లీ డ్రామా స్కూల్ ఎంపిక చివరి దశలో అభ్యర్థుల చేత కొన్ని రోజులపాటు వర్క్‌షాప్ చేయించి చూస్తారు. మేడ మీది సాధన పాత్రలోకి దిగిందో లేదో ఆ రోజుల్లో దాగదు.