మేత కోసుకున్నాక వరికి ఎంత మిగులుతుంది: మేనల్లుడికి లేఖ

గుంటూరు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

సార్వా వరి కోశాక మాగాణిలో పిల్లిపెసర అనే పెసర జాతి మేత పైరు చల్లి, గొడ్లకు మేత కోసుకుని, తర్వాతి వరి దిగుబడి ఏమవుతుందో కొలిచి చూస్తానని రాశావు. అడగాల్సిన ప్రశ్నే అడిగావు. పిల్లిపెసర మేతకూ పనికొస్తుంది, నేలలో కలియదున్నే పచ్చిరొట్టకూ పనికొస్తుందని అందరూ చెబుతారు. కానీ కోసి కొట్టంలోకి మోసిన ప్రతి మోపుతో పాటు అందులోని నత్రజని కూడా చేను దాటిపోతుంది. వేళ్లలో, మోళ్లలో మిగిలింది వరికి ఏ మాత్రం అక్కరకొస్తుందో నీ నేల మీదే తేలాలి.

పొలాన్ని రెండు చేసి ఒక సగంలో చల్లి, ఒక సగం వదిలేస్తే ఏమీ తేలదు. కాలువ వైపు మడికి నీళ్లు ముందు అందుతాయి, మురుగు కాలువ వైపు నీళ్లు నిలుస్తాయి. రెండు సగాల మధ్య కనిపించే తేడా పిల్లిపెసరదో, నీళ్లదో ఎవరూ చెప్పలేరు. అందుకని 60 సెంట్లు తీసుకుని, కాలువ నుంచి మురుగు దాకా నాలుగు వరుసలు చెయ్యి. వరుసకు మూడు మడులు, మడి 5 సెంట్లు, అంటే దాదాపు 10 మీటర్లకు 20 మీటర్లు. ఒక మడిలో ఏమీ చల్లవు. రెండో దానిలో పిల్లిపెసర కోసి, మళ్లీ చిగిర్చింది కూడా మేతకే తీస్తావు. మూడో దానిలో ఒక్క కోత తీసి, చిగిర్చినదాన్ని దుక్కిలో కలుపుతావు. ఏ మడికి ఏది అన్నది నువ్వు ఎంచకు. ప్రతి వరుసకూ విడిగా చీట్లు వెయ్యి. మంచి మడి కనిపిస్తే చెయ్యి దానివైపే పోతుంది, అది మనిషి నైజం. 1919లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరిన గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ పట్టుబట్టి చెప్పింది ఈ సంగతే. పాత కళ్లం, పెంటకుప్ప వేసిన చోటు, తుమ్మచెట్టు నీడ పడే మూల ఈ 60 సెంట్లలోకి రానివ్వకు.

విత్తనం ముందే తూచి, మడికింతని పొట్లాలు కట్టుకో. పదును ఆరకముందే ఎనిమిది మడుల్లోనూ ఒకే రోజు చల్లించు. కోత మిషన్ చక్రాలు తొక్కిన గాళ్లలో మొలక పలచగా వస్తుంది, ఆ చోట్లు పటంలో గుర్తు పెట్టుకో. గడ్డి ఒక మడిలో తగలబెట్టి ఇంకోదానిలో వదిలేయడం కుదరదు. పైరును అల్లుకుని దాని రసం పీల్చే బంగారు తీగ కనిపిస్తే పూతకు రాకముందే, అది అల్లుకున్న మొక్కలతో సహా పీకి గట్టు అవతల కాల్చెయ్యి.

మేత పూత మొదలయ్యేటప్పుడు కొయ్యి. ముదిరితే బరువు పెరుగుతుంది, పీచు కూడా పెరుగుతుంది. మడికి నాలుగు చోట్ల మీటరు చదరపు చట్రం వేసి, అందులోది కోసి వెంటనే తూచు. పచ్చి బరువుతో ఆగితే మోసపోతావు. 15 శాతం ఎండు పదార్థం ఉన్న 20 టన్నుల మేతలో గొడ్డుకు దక్కేది 3 టన్నులు. 25 శాతం ఉన్న 14 టన్నుల మేతలో దక్కేది 3.5 టన్నులు. అందుకే ప్రతి మడి నుంచి అరకిలో మేత ముక్కలు చేసి, బరువు ఇక తగ్గదు అనేదాకా ఎండబెట్టి మళ్లీ తూచు. మాంసకృత్తుల పరీక్షకు ఆ ఎండు నమూనానే ఇవ్వొచ్చు. ప్రయోగశాలలో నత్రజని శాతం కట్టి దాన్ని 6.25తో హెచ్చిస్తారు. అన్నట్టు, పచ్చి పిల్లిపెసర ఒక్కటే ఆకలి మీదున్న గొడ్డు ముందు వెయ్యకు, కడుపు ఉబ్బుతుంది. వరిగడ్డితో కలిపి వెయ్యి.

ఎండాకాలంలో జాగ్రత్త తప్పితే పడిన శ్రమంతా పోతుంది. గొర్రెల మంద ఒక్క రాత్రి ఒక మూల పడుకుంటే చాలు, ఆ మడి ఇక లెక్కకు పనికిరాదు. మంద వాళ్లతో ముందే మాట్లాడి, ఈ 60 సెంట్ల చుట్టూ కంప వేయించు.

దుక్కికి ముందు, ఎరువు ఏదీ వెయ్యకముందు, మట్టి నమూనాలు తియ్యి. మడికి ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతున తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలో మిగుల్చుకో.

ఇక వరి. అందరూ జారేది ఇక్కడే. పన్నెండు మడులకూ యూరియా పూర్తి మోతాదు వేస్తే పిల్లిపెసర ఇచ్చిన నత్రజని ఆ యూరియా చాటున పడి కనిపించకుండా పోతుంది. అందుకని ప్రతి మడినీ నడిమి గట్టుతో రెండు చేసి, ఒక సగానికి పూర్తి మోతాదు, ఒక సగానికి నాలుగింట మూడు వంతులు వెయ్యి. సగం అంటే రెండున్నర సెంట్లు, ఎకరంలో నలభయ్యో వంతు. ఎకరాకు 40 కిలోల యూరియా పడే దఫాకు పూర్తి సగానికి 1 కిలో, తగ్గించిన సగానికి 750 గ్రాములు. పిడికిలి లెక్క వద్దు, కాటా మీద తూచు. భాస్వరం, పొటాష్ అన్నిటికీ సమానం. భాస్వరానికి డీఏపీ వేస్తే దానిలోని 18 శాతం నత్రజనిని కూడా లెక్కలో కలుపుకో.

గట్లు ఎత్తుగా, బొరియలు లేకుండా ఉండాలి. మడి నుంచి మడికి నీళ్లు పారించే మన అలవాటు ఇక్కడ పనికిరాదు, యూరియా నీళ్లతో పాటే పక్క మడిలోకి పోతుంది. ప్రతి సగానికీ బోదె నుంచి విడిగా నీళ్లు పెట్టాలి. కష్టమే, కానీ ఇది చేయలేకపోతే మిగతాదంతా చేసి లాభం లేదు.

కోతప్పుడు గట్ల వెంట మీటరు వదిలేసి, నడుమ 5 మీటర్ల చదరం టేపుతో కొలిచి కోయించు. మూలమట్టం సరిచూసుకో. రెండు వైపులా 10 సెంటీమీటర్లు ఎక్కువైతే చదరం 4 శాతం పెరుగుతుంది. చదరానికి 14 కిలోలు వచ్చే చేలో ఆ కాస్త పొరపాటు ఎకరాకు 90 కిలోలు, అంటే లేని బస్తా ఒకటి ఉన్నట్టు చూపిస్తుంది. చదరంలో వచ్చిన కిలోలను 162తో హెచ్చిస్తే ఎకరా దిగుబడి. తూర్పారబట్టి తాలు పోయాకే తూచు, ఆ వెంటనే తేమ కొలిపించు. 22 శాతం తేమతో 14 కిలోలు తూగిన ధాన్యం, 14 శాతం తేమ దగ్గర 12.7 కిలోలే. లెక్క ఇది: తేమ శాతాన్ని 100 నుంచి తీసేసి, మిగిలినదాన్ని బరువుతో హెచ్చించి, 86తో భాగించాలి.

అంకెలు వచ్చాక ఒకే పద్ధతి ఉన్న నాలుగు మడులు తమలో తాము ఎంత తేడా పడ్డాయో ముందు చూడు. పద్ధతుల మధ్య తేడా అంతకన్నా చిన్నదైతే ఏదీ గెలిచిందనకు. తుఫానుకు పడిపోయిన మడి ఉంటే తీసెయ్యకు, పడిందని పక్కన రాసి ఉంచు. ఒక్క సార్వాతో తీర్పు చెప్పొద్దు. అవే మడుల్లో, అవే పద్ధతులతో కనీసం మూడేళ్లు నడపాలి. మూడేళ్లా అని బావ విసుక్కుంటే, రోథమ్‌స్టెడ్‌లో ఒక గడ్డి మైదానం మీద 1856లో మొదలైన ప్రయోగం ఇంకా నడుస్తోందని చెప్పు. అమ్మోనియా రూపంలో నత్రజని వేస్తూ పోయిన మడుల్లో నేల ఆమ్లగుణం పెరిగి పులిసిపోయి, గడ్డి జాతులు కొద్దివే మిగిలాయి. అలాంటిది మొదటి ఏడాదిలో కంటికి కనపడదు.

చీట్లు వెయ్యకముందే మడుల పటం గీసి నాకు పంపు. కాలువ ఎటుందో, మురుగు ఎటుందో, పోయిన ఏడు ఎక్కడ ఏం వేశారో దాని మీద రాయి. అది చూశాక ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫారంలో ఒకసారి చూపించుకుని వద్దాం.

మీ మామయ్య