గబ్బిలం రెక్క గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. భాషలో తడబాటు లేదు, సంతోషం. కానీ గబ్బిలం రెక్క, పిట్ట రెక్క క్రియాసామ్య అవయవాలని, అంటే పని ఒకటే అయినా విడివిడిగా వచ్చినవని, ఒకచోట రాసి, కాస్త కిందికి రాగానే వాటినే నిర్మాణసామ్యానికి, అంటే పని ఏదైనా లోపలి అమరిక ఒకటే కావడానికి, ఉదాహరణగా చూపించావు. రెండూ నిజమే. ఏ లెక్కన నిజమో చెప్పకపోతే చదివేవాళ్లు తికమకపడతారు.

గబ్బిలం ఎముకల బొమ్మ ఎదురుగా పెట్టుకుని చూడు. దండచేయి, ముంజేయి, మణికట్టు, ఐదు వేళ్లు. బొటనవేలు పొట్టిగా, వంకీ గోరుతో విడిగా ఉంటుంది. మిగతా నాలుగూ బాగా సాగి, వాటి మధ్య పల్చటి చర్మం పరుచుకుంటుంది. పిట్టలోనూ ఎముకల వరుస అదే. వేళ్లు మాత్రం మూడే మిగిలాయి, అవీ కురచవై కొంత అతుక్కుపోయాయి. గాలిని తోసే పని ఈకలది. ఈ రెంటికీ ఉమ్మడి పూర్వజీవి 30 కోట్ల ఏళ్లకు పూర్వం నాలుగు కాళ్ల మీద తిరిగింది, దానికి రెక్కల్లేవు. కాబట్టి చేయి వారసత్వం, అది నిర్మాణసామ్యం; రెక్క ఎవరి సంపాదన వారిది, అది క్రియాసామ్యం. ఇది మొదట్లోనే చెప్పెయ్.

మన కన్నునూ ఆక్టోపస్ కన్నునూ పోల్చిన దగ్గర తొందరపడ్డావు. అసలు విశేషమంతా అక్కడే ఉంది! మన కంట్లో నరాల పోగులు రెటీనా (వెలుగును పట్టే లోపలి పొర) ముందువైపు పాకి, ఒకచోట దాన్ని దాటుకుని వెనక్కి పోతాయి. ఆ చోట చూపుండదు. ఆక్టోపస్‌లో పోగులు వెనకనుంచే వెళ్తాయి, అంధబిందువు లేదు. మన రెటీనా పిండదశలో మెదడు నుంచి పుడుతుంది, దానిది పైపొర చర్మం నుంచి. ఇక్కడిదాకా రెండూ వేర్వేరు కథలే. అయితే 1995లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ గేరింగ్ బృందం ఎలుకలో కన్ను ఏర్పడేలా చేసే పాక్స్-6 జన్యువును పండు ఈగలో కాలు ఏర్పడే చోట పనిచేయించింది. అక్కడ కన్ను మొలిచింది, అదీ ఈగ కన్నే. ఆ జన్యువు మనకూ ఆక్టోపస్‌కూ ఉంది. దీనికి ఒక్క వాక్యం చాలదు, సగం పేజీ ఇవ్వు.

‘ఎగరడం కోసం వేళ్లు పెంచుకుంది’ అన్న వాక్యం కొట్టెయ్. ఏ గబ్బిలమూ అలా అనుకోలేదు. వేళ్లు కాస్త పొడవుగా పుట్టినవాటి సంతానం ఎక్కువగా మిగిలింది, తరతరాలుగా అదే జరిగింది. వాక్యం పెరిగినా సరే, అలాగే రాయి.

నిర్మాణసామ్యానికి 1843లో నిర్వచనమిచ్చింది ఇంగ్లండ్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్. ఉమ్మడి పూర్వీకులే దానికి కారణమని 1859లో చెప్పింది డార్విన్. నువ్వు రెండూ డార్విన్‌కే రాశావు. సరిచేసి పంపు, రెక్కల బొమ్మలు పక్కపక్కనే వేసి వేళ్లకు అంకెలు పెట్టు.