పాత గౌన్లు, కొత్త బొంత

పిల్లల చిన్నప్పటి బట్టలతో బొంత కుట్టుకోవడం గురించి వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: మా ఇద్దరు పిల్లల బట్టలు, జుబ్బాల నుంచి ఐదో తరగతి యూనిఫాం దాకా దాచాను. బొంతకు ఎన్ని పడతాయి? ఇంకా ఏం కొనాలి? (తెనాలి)

జవాబు: తొలిసారే డబుల్ కాట్ సైజు జోలికి పోకండి. సగంలో అటక ఎక్కేది అవే. అడ్డం 5, నిలువు 6, మొత్తం 30 ముక్కలు చాలు. ఒక్కో ముక్క ఎనిమిదిన్నర అంగుళాల చదరంగా కత్తిరించండి. అన్ని వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతే 8 మిగులుతుంది. పైపొర 40 బై 48 అంగుళాలు, చుట్టూ 4 అంగుళాల అంచు వేస్తే 48 బై 56.

ఐదేళ్లు దాటిన పిల్లల చొక్కాలో ముందు ఒకటి, వెనక ఒకటి ముక్క వస్తాయి. ముందు భాగంలో గుండీ పట్టీని మూసి కుట్టేశాకే కత్తిరించాలి. లేకపోతే అక్కడ నోరు తెరుచుకుంటుంది. జేబును ఊడదీయకండి, అది ముక్క మధ్యలో పడేలా గీత గీసుకోండి. జుబ్బాల్లో అంత వెడల్పు రాదు. తెల్ల పాప్లిన్‌ను ఎనిమిదిన్నర చదరంగా కత్తిరించి, జుబ్బా ముక్కను దాని మధ్యలో పెట్టి, అంచులు లోపలికి మడిచి చేత్తో కుట్టేయండి. ఇలా చూసుకుంటే 18, 20 బట్టలు సరిపోతాయి.

44 అంగుళాల పన్నా ఉన్న కాటన్ బట్ట అంచుకు ముప్పావు మీటరు, చుట్టూ మడిచి కుట్టే పట్టీకి అర మీటరు తీసుకోండి. పట్టీ వెడల్పు రెండున్నర అంగుళాలు. ఆరు పట్టీలు కలిపితే చుట్టూ వస్తుంది. అడుగుకు, మధ్య పొరకు కలిపి ఒక పాత నేతచీర చాలు. ఐదున్నర మీటర్ల చీరలో 52 అంగుళాల ముక్కలు నాలుగు వస్తాయి. రెండేసి పక్కపక్కన కలిపి, 60 అంగుళాలకు కత్తిరించండి. చీరను ముందు వెలుతురుకు ఎత్తిపట్టి చూడండి. పలచబడ్డ ముక్కలు మధ్య పొరలోకి, గట్టివి అడుగుకు.

ప్రశ్న: బాబు టీషర్టులు కత్తిరిస్తే అంచులు చుట్టుకుపోతున్నాయి. కుట్టాక ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది అవుతోంది. (డాలస్)

జవాబు: అల్లిక బట్ట సాగుతుంది. దాన్ని ముందు సాగకుండా చేసి తర్వాత కత్తిరించాలి. మీరు అటుది ఇటు చేశారు. టీషర్టును 10 అంగుళాల చదరంగా ఉజ్జాయింపుగా కోసి, పలచటి ఫ్యూజింగ్ బట్టను (ఇస్త్రీ వేడికి అతుక్కునే జిగురు బట్ట) జిగురు వైపు టీషర్టు తిరగవైపుకు ఆనేలా పెట్టండి. పైన పలచని కాటన్ గుడ్డ పరిచి ఇస్త్రీపెట్టెను అదిమిపట్టి ఎత్తండి, రుద్దకండి. రుద్దితే బట్ట సాగినచోటే అతుక్కుపోతుంది. చల్లారాకే ఎనిమిదిన్నరకు కత్తిరించండి. చొక్కా కాలరుకు వేసే గట్టి బకరం మాత్రం వద్దు, బొంత అట్టలా నిలబడుతుంది. రబ్బరు బొమ్మలున్న వైపు ఇస్త్రీపెట్టె తగలనివ్వకండి. ఆటల జెర్సీల్లాంటి పాలిస్టరుకు తక్కువ వేడి.

ప్రశ్న: పాప మొదటి పట్టు లంగాను కూడా కలపవచ్చా? (ధర్మవరం)

జవాబు: కుదురుతుంది గానీ, మా సలహా అయితే వద్దు. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత దగ్గరే చీలుతుంది. జరీ గీసుకుంటుంది, నల్లబడుతుంది. పైగా ఒక్క పట్టు ముక్క కోసం కాటన్ బొంత మొత్తాన్ని డ్రైక్లీనింగుకు మోయాలి. లంగాతో ఒక కుషన్ గలీబు కుట్టుకోండి. కలపక తప్పదంటే జరీ లేని చోటు చూసి, వెనక పలచటి కాటన్ వేసి, చెంపకు తగలని కింది వరసలో పెట్టండి.

ప్రశ్న: కాలి మిషను మీద మూడు పొరలూ కలిపి కుడుతుంటే అడుగు బట్ట మడతలు పడుతోంది. (నిజామాబాద్)

జవాబు: మిషను పళ్లు కింది పొరను లాగుతాయి, సూది దగ్గర బట్టను అదిమే మిషను పాదం పై పొరను వెనక్కి పట్టి ఉంచుతుంది. పొరలను ముందే బిగించకపోతే తేడా అంతా మడతలై తేలుతుంది. అడుగు బట్టను నేలమీద పరిచి, అంచులకు టేపు అంటించండి. బిగుతుగా ఉండాలి, సాగకూడదు. దానిమీద మిగతా రెండు పొరలూ సర్ది, నాలుగేసి అంగుళాలకు ఒక కచ్చాకుట్టు వేయండి. పాదం ఒత్తిడి మరను కాస్త వదులు చేసి, 16 నంబరు సూది వేసి, కుట్టును పెద్దది చేయండి. మధ్యలో మొదలుపెట్టి అంచులవైపు వెళ్లాలి. అంచుల నుంచి లోపలికి వస్తే వదులంతా నడిమికి చేరి బుడగలా లేస్తుంది.

అప్పటికీ కుదరకపోతే మిషను పక్కన పెట్టి, రెండు పోగుల దారంతో చేత్తోనే కుట్టండి. మన బొంతలు కుట్టింది అలాగే. మధ్యలో చీర పొర ఉంటే వరసల ఎడం 4 అంగుళాలున్నా ఫర్వాలేదు. ఏకిన దూది వేస్తే మాత్రం రెండు అంగుళాలు దాటనివ్వకండి, ఒక్క ఉతుకుకే గడ్డలు కడుతుంది.

ప్రశ్న: ఎర్ర గౌను రంగు దిగుతోంది. ఉప్పునీళ్లలో నానబెట్టనా? (కరీంనగర్)

జవాబు: రంగేసినప్పుడే సరిగా పట్టని దాన్ని ఉప్పు పట్టించలేదు. విడిగా రెండు మూడు సార్లు ఉతకండి. తర్వాత తడి గౌనును తెల్లగుడ్డలో చుట్టి అరగంట ఉంచండి. గుడ్డకు రంగు అంటితే ఆ గౌను బొంతకు పనికిరాదు. మిగతా బట్టలనూ కోయకముందే ఒకసారి ఉతికి ఆరేయండి, కుంచించుకుపోయేవి అప్పుడే తెలిసిపోతాయి.

ప్రశ్న: కుట్టిన బొంతను మనవడికి కప్పవచ్చా? వాడికి ఆరో నెల. (విజయనగరం)

జవాబు: నిద్రలో కప్పకండి, ఏడాది నిండేదాకా ఆగండి. ముఖం మీద పడితే తీసుకోలేడు. ఈలోగా గుండీలు, హుక్కులు, చెమ్కీలు ఏవైనా మిగిలాయేమో తడిమి చూసి తీసేయండి.