వీధి కెమెరా కిటికీని చూస్తుంటే ఏం చేయాలి?

మీ ఇంటి ఎదుటి స్తంభానికి పోలీసులు బిగించిన కెమెరా పడకగది కిటికీ వైపు ఉందని, అడిగితే బహిరంగ స్థలంలో గోప్యత ఉండదన్నారని రాశారు. ఆ మాట సగమే నిజం. వీధిలో నడిచే మనిషి నలుగురి కంటా పడతాడు, కానీ చూడటం వేరు, రికార్డు చేసి పంచడం వేరు. వీధి కెమెరాకు చిక్కిన ఒక వ్యక్తి దృశ్యాలను, ముఖం సరిగా కప్పించకుండానే మాధ్యమాలకు ఇచ్చిన బ్రిటన్ ఉదంతంలో గోప్యత హక్కుకు భంగం కలిగిందని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2003లో తేల్చింది. బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన గోప్యత పోదని భారత సుప్రీంకోర్టు 2017లో చెప్పింది.

పైగా మీ కిటికీ వీధి కాదు, ఇల్లు. కెమెరాను తీసేయమంటే ఒప్పుకోవడం కష్టమే (నేర నివారణ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది) కనుక, కిటికీ ఉన్న చోటును నల్లని చదరంతో కప్పే ‘ప్రైవసీ మాస్క్’ను అమర్చమని రాతపూర్వకంగా కోరండి. ఈ సదుపాయం చాలా కెమెరాలలో ఉంటుంది. తిరిగే కెమెరా అయితే, అది పక్కకు తిరిగినప్పుడూ జూమ్ చేసినప్పుడూ ఆ చదరం కిటికీ మీదే నిలుస్తోందో లేదో తెరపై చూపించమనండి. దృశ్యాలను ఎన్నాళ్లు ఉంచుతారో, ఎవరెవరు చూడగలరో అదే లేఖలో అడిగి, అందినట్టు ముద్ర వేయించుకోండి.