ఆడిన ట్రాకే మళ్లీ ఆడాలా?

ప్రశ్న: అడ్డంకుల మీదుగా బైక్ నడిపే వీడియో గేమ్ 'ట్రయల్స్ ఫ్యూజన్' అంటే నాకు ప్రాణం. దాని తర్వాత వచ్చిన 'ట్రయల్స్ రైజింగ్' తీసుకుందామంటే, ఆడిన ట్రాకులే మళ్లీ మళ్లీ ఆడిస్తుందని ఫ్రెండ్ భయపెడుతున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: తీసుకోండి. మీ ఫ్రెండ్ చెప్పింది కూడా నిజమే.

ఈ సిరీస్‌లో మన చేతిలో ఉండేవి రేజ్, బ్రేక్, ఒంటిని ముందుకో వెనక్కో వంచడం, అంతే. హ్యాండిల్ తిప్పే పనే లేదు. 2019లో వచ్చిన రైజింగ్ ఈ మూడింటినీ చెడగొట్టలేదు. ఏటవాలు చెక్క చివర వెనక చక్రం ఆనించి, ముందు చక్రం గాల్లో పెట్టి బండిని నిలబెట్టి చూడండి. రేజ్ ఇచ్చే ట్రిగ్గర్ వెంట్రుకవాసి ఎక్కువ నొక్కితే బండి వెనక్కి తిరగబడుతుంది, తక్కువైతే జారిపోతుంది. పడ్డామా, ఒక్క బటన్ నొక్కితే రెప్పపాటులో చెక్‌పాయింట్ దగ్గర ఉంటాం. బాధపడే వ్యవధి కూడా ఇవ్వదు. అందుకే నేను ఒక్కో అడ్డంకి దగ్గర వందసార్లు పడి కూడా కంట్రోలర్ కింద పెట్టలేదు. మన పక్కనే ఇతర ఆటగాళ్ల గోస్టులు, అంటే వాళ్లు ముందు ఆడిన ఆట రికార్డింగులు, పరుగెడుతుంటాయి. నేను తడబడిన చోట ఒక గోస్టు రేజ్ వదిలేయడం చూశాకే అక్కడ వేగం అక్కర్లేదని నాకు తెలిసింది.

ఫ్యూజన్‌లో రైడర్ గాల్లో ఒంటితో చేసే ట్రిక్కులు ఇందులో ఉండవు. మీకు అవి ఇష్టమైతే వెలితిగా ఉంటుంది. నాకు మాత్రం లేవనే అనిపించలేదు. ఈఫిల్ టవర్, చైనా మహాకుడ్యం లాంటి చోట్ల ట్రాకులు కట్టిన తీరు చూస్తే మిగతాది మర్చిపోతాం.

ఇక అసలు లోపం. సగం దాటాక కొత్త పోటీలు తెరుచుకోవాలంటే లెవెల్ పెరగాలి. లెవెల్ పెరగాలంటే కాంట్రాక్టులు చేయాలి. 'ఇదే ట్రాక్‌లో ఇన్ని పల్టీలు కొట్టు' లాంటివన్నమాట. అర సెకను తగ్గించుకోవాలని నా అంతట నేను ఒక ట్రాక్‌ని యాభైసార్లు ఆడతాను, అది నా పంతం. తలుపు తెరవాలంటే ఆడి తీరాలంటే మాత్రం మూడోసారికే విసుగొస్తుంది. ట్రాక్ అదే, చేతులు అవే, ఆనందం మాత్రం పోతుంది. ఇంత మంచి ట్రాకులు కట్టినవాళ్లు వాటి మీద నమ్మకం ఉంచి ఉండాల్సిందని నా బాధ. బహుమతి పెట్టెల్లో ఎక్కువగా వచ్చేవి స్టిక్కర్లూ బట్టలూ. బండి వేగం వాటితో పెరగదు కాబట్టి తెరవకుండా వదిలేసినా నష్టం లేదు.

ప్రశ్న: నిలువు గోడలాంటి అంచు వస్తే ముందు చక్రం గుద్దుకుని పడిపోతున్నాను. రేజ్ మొత్తం ఇస్తున్నా ఎక్కడం లేదు.

జవాబు: మొత్తం ఇస్తున్నారు కాబట్టే ఎక్కడం లేదు. అంచుకి కాస్త ముందే నెమ్మదించి ఒంటిని పూర్తిగా వెనక్కి వంచండి. కొంచెం రేజ్ ఇస్తే ముందు చక్రం లేస్తుంది. అది లేస్తుండగానే ఒంటిని ఒక్క ఉదుటున ముందుకు విసరండి, వెనక చక్రం కూడా నేల వదులుతుంది. దీన్నే బన్నీ హాప్ అంటారు. అంచు పైన దిగేటప్పుడు రేజ్ వదిలేయాలి, లేదంటే వెనక్కి పల్టీ కొడతారు. గేమ్‌లోనే 'యూనివర్సిటీ ఆఫ్ ట్రయల్స్' అని పాఠాలున్నాయి, దాటవేయకండి. పాత గేముల్లో పడీ లేచీ నేర్చుకున్న చాలా కిటుకులు ఇందులో ఓపిగ్గా చెప్పారు. ఈ గేమ్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ప్రశ్న: ఇద్దరు కూర్చునే బండి సరదాకేనా, నిజంగా ఆడొచ్చా?

జవాబు: నిజంగా ఆడొచ్చు. టాండెమ్ బండికి ఇంజిన్ బలం చెరి సగం, బ్యాలెన్సూ అంతే. ఒకరు వంగి మరొకరు వంగకపోతే బండి మాట వినదు. చెల్లీ నేనూ మొదటి రోజంతా ఒకే చిన్న దిబ్బ దగ్గర ఆగిపోయాం. తప్పు నీదంటే నీదని వాదించుకున్నాం కూడా. ఇప్పుడు 'ఒకటి, రెండు, ఊఁ' అని పైకి లెక్కపెట్టుకుంటాం. 'రెండు'కి ఇద్దరం వెనక్కి వంగుతాం, 'ఊఁ' అనగానే రేజ్ ఇస్తాం. ఆ దిబ్బ ఎక్కేస్తున్నాం.